తాతయ్య ఎయిర్ గన్‌కి ఇంట్లోనే స్ప్రే కోటింగ్: మొదటిసారి ఊడింది, రెండోసారి నిలిచింది

స్ప్రే చేసిన పదకొండో రోజున తాతయ్య బొటనవేలి గోటితో అలా గీకారు, అంతే. నేను మూడు కోట్లు వేసిన మ్యాట్ బ్లాక్ ఉల్లిపొరలా లేచి వచ్చేసింది. దాని కింద పాత మెషిన్ ఆయిల్ ఇంకా మెరుస్తూనే ఉంది. "బాగానే వేశావురా. కాకపోతే ఇనుము మీద కాదు, నూనె మీద వేశావు" అన్నారు.

ఈ సైట్‌లో నేను ఇంతవరకు రాసినవన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్, కీబోర్డులు. ఈసారి ఒక పాత ఎయిర్ గన్ గురించి రాస్తున్నా. ఇక్కడెందుకు అంటారా? మనం రోజూ రివ్యూల్లో వాడే "9హెచ్ హార్డ్‌నెస్", "సెరామిక్ కోటింగ్", "మ్యాట్ ఫినిష్" లాంటి మాటలకి అసలు అర్థం నాకు తెలిసింది ఏ ఫోన్ దగ్గరా కాదు, దీని దగ్గరే.

ముందు కథ. మాది ఏ.ఎస్. రావు నగర్. ఈసీఐఎల్‌ని స్థాపించిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీద వెలసిన కాలనీ. 1967లో కంపెనీ మొదలైంది, తర్వాత దాని చుట్టూ ఇళ్ళు లేచాయి. మా తాతయ్య కూడా సర్వీసంతా ఎలక్ట్రానిక్స్‌లోనే గడిపి రిటైరైన మనిషి. పాత ఇల్లు ఇప్పుడు బిల్డర్‌కి ఇచ్చేశాం, అపార్ట్‌మెంట్ కడతారు. అటక ఖాళీ చేస్తుంటే పాత దుప్పటిలో చుట్టిన ఎయిర్ గన్ బయటపడింది. బ్యారెల్‌ని కిందికి విరిచి, వెనక నుంచి పెల్లెట్ పెట్టే స్ప్రింగ్ రకం. క్యాలిబర్ 0.177, అంటే 4.5 మిల్లీమీటర్లు. చెక్క బాగానే ఉంది. ఇనుము మీద మాత్రం కాకరకాయ తొక్కలా తుప్పు.

దీన్ని కొత్తింట్లో గోడకి తగిలిద్దాం అన్నారు తాతయ్య. "నేను కొత్తదానిలా చేసిస్తా" అన్నా. ఆ మాట అన్నాక చూసినవి యూట్యూబ్ వీడియోలు, ఒక రాత్రంతా.

ఆ వీడియోల్లో ఏముంది

అమెరికాలో తుపాకులకి ఇంట్లో కోటింగ్ వేసుకోవడం పెద్ద హాబీ. అక్కడ అందరి నోటా వినిపించే పేరు సెరాకోట్. ఒరెగాన్‌లోని ఎన్‌ఐసీ ఇండస్ట్రీస్ తయారు చేసే పాలిమర్-సెరామిక్ పూత ఇది. స్ప్రే గన్‌తో పల్చగా కొడతారు. ఆరాక మందం 25 మైక్రాన్లు, అటూ ఇటూగా. మన ఫోన్ టెంపర్డ్ గ్లాస్ మూడొందల మైక్రాన్ల పైమాటే, అంటే అందులో పన్నెండో వంతు కూడా లేదు. వాళ్ళ హెచ్-సిరీస్ పూతని దాదాపు 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఓవెన్‌లో కాల్చాలి. గాలికే ఆరిపోయే సి-సిరీస్ వేరే ఉంది, పూర్తిగా గట్టిపడటానికి దానికి రోజులు పడుతుంది.

ఆ వీడియోల్లో స్ప్రే కొట్టే భాగం చాలా అందంగా ఉంటుంది. మంచి మ్యూజిక్, స్లో మోషన్, తడి రంగు మీద లైటు. దానికి ముందు జరిగేది మాత్రం పది సెకన్లలో ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పోతుంది. పార్టులు విప్పడం, ద్రావకంలో ముంచి నూనె తీయడం, అల్యూమినియం ఆక్సైడ్ ఇసుకని గాలి ఒత్తిడితో కొట్టి ఇనుమును గరుకు చేయడం, చేతికి గ్లవ్స్ వేసుకుని మళ్ళీ ముట్టకుండా ఉండటం. నేను కూడా ఆ పది సెకన్లు స్కిప్ చేశా. నా మొదటి ప్రయత్నం చరిత్ర మొత్తం ఇంతే.

మన దగ్గర పరిస్థితి వేరు కాబట్టి ఇక్కడే ఒక మాట. ఇండియాలో తుపాకీ అంటే ఆయుధాల చట్టం, 1959. లైసెన్సు ఉండాల్సిన ఏ తుపాకీనైనా రిపేరు చేయడానికి, మార్చడానికి కూడా విడిగా లైసెన్సు ఉండాలి. నంబరుని గానీ, గుర్తింపు ముద్రని గానీ చెరిపేయడం, మార్చడం నేరం. అందుకే ఈ ఆర్టికల్ ఎయిర్ గన్ వరకే. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు దాటని బోర్, 20 జౌల్స్ దాటని శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. మాది ఆ కోవలోకే వస్తుంది. అలాగని బొమ్మ కాదు. కంట్లో తగిలితే కన్ను పోతుంది. లోడై ఉందో లేదో బ్యారెల్ విరిచి కంటితో చూడకుండా దాని మీద గుడ్డ కూడా వేయొద్దు.

జూలైలో నేను చేసిన ఘనకార్యం

రాధికా క్రాస్ రోడ్స్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో ఒక మ్యాట్ బ్లాక్ స్ప్రే డబ్బా కొన్నా. బైకుల సైలెన్సర్లకి, గేట్లకి కొట్టేది. ఇంటికొచ్చి పొడిగుడ్డతో తుడిచి, బాల్కనీలో దండేనికి వేలాడదీసి కొట్టేశా. బయట వాన. పది నిమిషాల్లో నలుపు మీద బూడిద రంగు మసక కమ్మింది. ఆరితే పోతుందిలే అనుకున్నా. పోలేదు.

దీనికి పేరు బ్లషింగ్. డబ్బాలోంచి వచ్చిన ద్రావకం ఆవిరవుతూ లోహాన్ని చల్లబరుస్తుంది. శానిటైజర్ రాసుకుంటే చెయ్యి చల్లగా అయినట్టే. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి చోట నీరు పట్టి తడి రంగులో చిక్కుకుంటుంది. తెల్లబడ్డానికి కారణం అదే. వానాకాలం సికింద్రాబాద్‌లో సాయంత్రం పూట స్ప్రే చేయడమంటే ఆవిరి పడుతూ ఫోటో తీయడం లాంటిది.

ఊడిపోవడానికి కారణం మాత్రం ఇంకా పాతది. ఇలాంటి గన్‌ల ఇనుము మీద ఫ్యాక్టరీలో వేసేది చాలావరకు రంగు కాదు, బ్లూయింగ్. అంటే ఇనుము పైపొరనే రసాయనాలతో నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మార్చడం. ఒకరకంగా అదీ తుప్పే, కానీ క్రమశిక్షణ నేర్చుకున్న తుప్పు. ఎర్ర తుప్పు పెచ్చులు ఊడుతుంది, ఈ నల్లది అంటుకునే ఉంటుంది. మన పొరుగున బీదర్‌లో బిద్రీ పాత్రలని నల్లగా చేసేదీ ఈ బాటలోనే. కోట మట్టిలో అమ్మోనియం క్లోరైడ్ కలిపి పట్టిస్తే జింకు మిశ్రమం నల్లబడుతుంది, అందులో పొదిగిన వెండి తెల్లగానే మిగులుతుంది. అక్కడా రంగు పూయడం లేదు, లోహమే మారుతోంది.

బ్లూయింగ్‌తో చిక్కేంటంటే, అది సన్నటి రంధ్రాలున్న పొర. దానంతట అది తేమని ఆపలేదు, నూనె పట్టించాలి. తాతయ్య ఏళ్ళ తరబడి పట్టించారు. ఆ నూనె రంధ్రాల్లోకి ఇంకిపోయింది. పొడిగుడ్డతో తుడిస్తే పైకి శుభ్రం, లోపల జిడ్డు. దాని మీద ఏ కంపెనీ రంగు కొట్టినా, ఎంత డబ్బు పెట్టినా, గోటికి లేచి వచ్చేదే.

9హెచ్ అంటే పెన్సిలండీ

రెండోసారి గన్ మీద ప్రయోగం వద్దనుకున్నా. కుషాయిగూడలో ఒక వెల్డింగ్ షాపులో అరచేతి సైజు ఇనుప రేకు ముక్కలు నాలుగు అడుక్కున్నా, ఆయన డబ్బులు కూడా తీసుకోలేదు. ఒకటో ముక్కకి నూనె చేత్తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, నేరుగా స్ప్రే. రెండోది అసిటోన్‌తో కడిగాను గానీ గరుకు కాగితం పట్టలేదు. మూడోది 320 నంబరు ఎమెరీ కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, ప్రైమర్ వేసి, ఆపైన అదే ఎనామెల్. నాలుగోది కార్లకి రంగు వేసే ఒక షెడ్డులో ఇచ్చి, వాళ్ళు వాడే రెండు భాగాల పూత వేయించా. వారం రోజులు ఆరనిచ్చా.

ఇక టెస్టులు. టెంపర్డ్ గ్లాస్ పెట్టె మీద "9హెచ్" చూసి అది ఏదో వజ్రాల స్కేలు అనుకునేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. నేనూ ఒకప్పుడు అలాగే రాశా, ఒప్పుకుంటున్నా. అది పెన్సిల్ స్కేలు. ఏఎస్‌టీఎం డి3363 అనే పరీక్ష. పెన్సిల్ మొనని చదునుగా అరగదీసి, 45 డిగ్రీల కోణంలో పెట్టి, పూత మీద ముందుకి నెట్టాలి. ఏ పెన్సిల్ దగ్గర పూత కోసుకుపోదో అదే దాని హార్డ్‌నెస్. 6బి అన్నిటికంటే మెత్తన, 9హెచ్ చివరిది. ఖనిజాల మోస్ స్కేలుతో దీనికి సంబంధం లేదు. సెరాకోట్ హెచ్-సిరీస్ వాళ్ళు 9హెచ్ అని చెప్పుకునేది ఈ స్కేలు మీదే, మీ రెండొందల రూపాయల గ్లాస్ వాడు చెప్పుకునేదీ ఈ స్కేలు మీదే. ఇసుక రేణువుకి ఇద్దరూ సమానమే, రెండింటినీ గీస్తుంది.

బీటెక్ ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ కిట్ ఇన్నాళ్ళకి పనికొచ్చింది. ఎనామెల్ ముక్కలు హెచ్‌బీ దాకా తట్టుకున్నాయి, హెచ్ దగ్గర గాటు పడింది. షెడ్డు ముక్క 2హెచ్ దాటి 3హెచ్ దగ్గర లొంగింది. చూడండి, ఒకటో ముక్కా మూడో ముక్కా హార్డ్‌నెస్‌లో ఒకటే. రెండూ అదే డబ్బా కదా.

తేడా తర్వాతి పరీక్షలో తెలిసింది. బ్లేడుతో నిలువూ అడ్డం గీతలు గీసి చిన్న చిన్న గళ్ళు చేయాలి. దాని మీద టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగాలి. ఎన్ని గళ్ళు టేపుతో వచ్చాయో లెక్క. దీన్ని క్రాస్-హ్యాచ్ అంటారు, ఏఎస్‌టీఎం డి3359. ఒకటో ముక్కలో దాదాపు అన్ని గళ్ళూ టేపుకి వచ్చేశాయి. రెండోదాంట్లో సగం. మూడోదాంట్లో మూలల దగ్గర రెండు పొట్టులు. నాలుగోది ఒక్కటీ రాలేదు. అదే రంగు, అదే హార్డ్‌నెస్, ఒకటి టేపుకి పోయింది, ఇంకోటి నిలబడింది. మధ్యలో ఉన్నది నలభై నిమిషాల రుద్దుడు, పావు సీసా అసిటోన్.

ఉప్పునీటి గుడ్డ చుట్టి పది రోజులు ఉంచాను కూడా. ఫ్యాక్టరీల్లో చేసే సాల్ట్ స్ప్రే పరీక్షలో 35 డిగ్రీల గదిలో ఐదు శాతం ఉప్పునీటి పొగమంచు వదులుతారు. నాది దాని పేద చుట్టం. ఒకటో ముక్క మీద గీసిన గీత పక్కన పూత బుడగలు కట్టి లేచింది, లోపల్లోపల తుప్పు పాకింది. మూడోదాంట్లో తుప్పు గీతలోనే ఆగిపోయింది. పూత తుప్పుని ఆపడమంటే ఇదే. గీత పడకుండా ఉండటం కాదు, పడ్డ గీత దగ్గరే తుప్పు ఆగిపోవడం.

కొనీ వాడని డబ్బా

నాలుగో ముక్క చూశాక ఆశ పుట్టింది. రెండు భాగాల పూత డబ్బాలో కూడా దొరుకుతుంది, 2కే స్ప్రే అంటారు. డబ్బా అడుగున ఒక బటన్ ఉంటుంది. నొక్కితే లోపలున్న హార్డెనర్ రంగులో కలుస్తుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో డబ్బా వాడేయాలి, లేకపోతే లోపలే గట్టిపడుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించా. బాల్కనీలో నిలబడి, ఎన్-95 మాస్కు పెట్టుకుని, బటన్ మీద వేలు పెట్టా.

తాతయ్య డబ్బా చేతిలోంచి తీసుకుని భూతద్దం పెట్టి వెనకున్న చిన్నక్షరాలు చదివారు. ఆయన సర్వీసులో సర్క్యూట్ బోర్డుల మీద తేమ పట్టకుండా వార్నిష్ లాంటి సన్నటి పూత వేసే పని కూడా ఉండేదట. ఇప్పుడు మనం కన్ఫార్మల్ కోటింగ్ అంటున్నది అదే. చదివి ఒకే ప్రశ్న అడిగారు: "ఈ మూతిగుడ్డ దేన్ని ఆపుతుంది?"

ధూళిని ఆపుతుంది. తుంపర్లని కొంతవరకు ఆపుతుంది. ఆవిరిని ఆపదు. 2కే హార్డెనర్లలో ఉండేవి ఐసోసైనేట్లు. భోపాల్‌లో 1984లో లీకైన మిథైల్ ఐసోసైనేట్ ఇంటిపేరే వీటిదీ. మనిషి మాత్రం వేరు, దానంత త్వరగా గాల్లో కలవదు, అంత ఘోరమైనదీ కాదు. కానీ స్ప్రే చేస్తే సన్నటి తుంపర్లుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకసారి శరీరం దానికి పగబట్టిందంటే, తర్వాత చాలా కొంచెం తగిలినా ఆస్తమా రావచ్చు. వాసన వచ్చి హెచ్చరిస్తుందనే నమ్మకమూ లేదు. పద్ధతిగా పనిచేసే చోట బయటి నుంచి గొట్టంతో శుభ్రమైన గాలి అందే మాస్కు వేసుకుని, బూత్‌లో కొడతారు. మా బాల్కనీకి ఆనుకుని పక్కింటివాళ్ళ పాపాయి ఉయ్యాల.

బటన్ నొక్కలేదు. డబ్బా ఆ కార్ల షెడ్డుకే ఇచ్చేశా. ఎనిమిది వందలు బూడిదలో పోసిన పన్నీరు. ఇంట్లో చేసుకునేవాళ్ళకి నా ఓటు ఒకే భాగం ఉన్న మామూలు ఎనామెల్‌కే. అది 3హెచ్ కాకపోతే కాకపోయింది. దాని ఆవిరీ మంచిది కాదు కాబట్టి ఆరుబయటే కొట్టండి, పెయింట్ పనికి వాడే కార్బన్ కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకోండి.

కిచెన్ ఓవెన్‌లో కాల్చే ఐడియా కూడా నాకు వచ్చింది, దాచడం ఎందుకు. మీటరు పొడవు గన్ మా ఓటీజీలో పట్టదు కాబట్టి బతికిపోయాం. పట్టినా వద్దు. రంగు ఆవిర్లు పట్టిన ఓవెన్‌లో మళ్ళీ కేకు చేసుకోలేం. గన్ లోపల గాలిని ఆపే సీలుకి కూడా ఆ వేడి మంచిది కాదు.

రెండోసారి, ఓపికగా

నవంబరు దాకా ఆగా. వెదర్ యాప్‌లో తేమ 50 శాతం చుట్టూ ఉన్న ఒక ఆదివారం, ఉదయం పదిన్నర. చోటు మేడ మీద. కింద పూజగదిలో దీపం, గ్యాస్ స్టవ్ రెండూ ఆరిపోయాయని చూసుకున్నాకే డబ్బా తీశా. స్ప్రే డబ్బాల్లో రంగుని తోసేది చాలావాటిలో ఎల్‌పీజీ లాంటి గ్యాసే. అగ్గితో దానికి స్నేహం ఎక్కువ.

స్ప్రింగ్ గన్‌ని పూర్తిగా విప్పొద్దు. లోపల స్ప్రింగ్ నొక్కిపెట్టి ఉంటుంది, సరైన బిగింపు లేకుండా విప్పితే ఎగిరొచ్చి మొహాన్ని తాకుతుంది. నేను తీసింది చెక్క బట్‌ని పట్టి ఉంచే స్క్రూలు, ట్రిగ్గర్ గార్డ్ పట్టీ, అంతవరకే. బ్యారెల్ కొనకి, పెల్లెట్ పెట్టే చోటికి, పిస్టన్ నుంచి గాలి వచ్చే చిన్న రంధ్రానికి, ట్రిగ్గర్‌కి, మడత పడే కీలుకి మాస్కింగ్ టేపు వేశా. ఆ గాలి రంధ్రం విషయంలో చాదస్తంగానే ఉండండి. ద్రావకమో నూనెనో లోపలికి పోతే, తర్వాత పేల్చినప్పుడు గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి వచ్చే వేడికి అది అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ పనిచేసే సూత్రమే. ఎయిర్ గన్ వాళ్ళు దీన్ని డీజిలింగ్ అనే అంటారు. సీలు పాడవుతుంది, స్ప్రింగ్ దెబ్బతింటుంది.

నూనె తీయడానికే గంటన్నర. అసిటోన్ గుడ్డని తిప్పి తిప్పి తుడుస్తుంటే మొదట నల్లగా, తర్వాత గోధుమ రంగులో, చివరికి తెల్లగా వచ్చింది. తర్వాత 320తో రుద్దడం మొదలుపెట్టా. తుప్పు పోయింది, గుంటలు మిగిలాయి.

ట్యూబ్ పక్కన నంబరు ఉంది. అక్కడ ఎమెరీ పెట్టబోతే తాతయ్య చెయ్యి పట్టుకున్నారు. లైసెన్సు లేని ఎయిర్ గనే అయినా నంబరు నంబరే. రేపెవరైనా అడిగితే ఇది ఫలానా అని చెప్పడానికి ఉన్నది అదొక్కటే. టేపు వేసి దాన్ని పాత బ్లూయింగ్‌తోనే వదిలేశాం.

ఆ తర్వాత ట్రిగ్గర్ గార్డ్ పట్టీ తీసుకుని వెలుతురులో తిప్పి చూపించారు. కింది వైపు సన్నటి చుక్కలు నాలుగు. సెంటర్ పంచ్‌తో కొట్టినవి. పిన్ని, అమ్మ, ఇద్దరు మామయ్యలు. ఎవరు మొదటిసారి పది అంగల దూరం నుంచి బోర్న్‌విటా డబ్బా మూతని కొడితే వాళ్ళ పేరున ఒక చుక్క. రెండోది అమ్మది. జూలైలో ఆయన గోటితో గీకింది నా రంగు గట్టితనం చూడటానికి కాదు. ఈ చుక్కలు ఏమయ్యాయో అని వెతుక్కుంటున్నారు. అప్పుడా మాట అనలేదు, నూనె అని జోకేశారు. ఇంకో పది నిమిషాలైతే నా 320 కాగితం వాటిని తినేసి ఉండేది.

ఆ పట్టీని ఎమెరీతో రుద్దలేదు. సున్నా నంబరు స్టీల్ వూల్‌తో చుక్కల చుట్టూ మెల్లగా తుప్పు తీసి, చుక్కల్లో అగ్గిపుల్ల మొనతో కొంచెం వాసెలిన్ పెట్టా. రంగు పట్టకూడని చోట నూనె ఎంత బాగా పనిచేస్తుందో అప్పటికే తెలుసు కదా.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది. ఇనుము మీద నీళ్ళు చల్లితే బొట్లు బొట్లుగా ముడుచుకుంటే జిడ్డు ఉన్నట్టు. పల్చటి పొరలా పరుచుకుంటే శుభ్రం. నీళ్ళు పరుచుకున్నాయి. వెంటనే హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, మళ్ళీ అసిటోన్, గ్లవ్స్, ఇక చెయ్యి తగలనివ్వలేదు. ప్రైమర్ ఒక పల్చటి కోటు. అరగంట. ఎనామెల్ మూడు కోట్లు, ఒక్కోదానికీ మధ్య పది నిమిషాలు, జానెడు దూరం నుంచి. డబ్బాని వస్తువు అంచు బయట నొక్కడం మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక వదలాలి. మొదటి కోటులో ఇనుము కనిపిస్తూనే ఉండాలి. కప్పేద్దామని ఆత్రపడితే కారుతుంది.

ఎంత బాగా కొట్టినా పదునైన అంచుల దగ్గర పూత పల్చబడుతుంది. తడి రంగు తన తలతన్యత వల్ల అంచు నుంచి వెనక్కి లాక్కుంటుంది. అందుకే అంచుల్ని ముందే కొంచెం గుండ్రంగా రుద్దాలి. నలుపు ఐఫోన్ 5 గుర్తుందా, 2012లో? అంచుల దగ్గర రంగు పోయి అల్యూమినియం కనిపించేది. అది స్ప్రే కాదు, అనోడైజింగ్. పద్ధతి వేరైనా ముందు లొంగేది మాత్రం ఎక్కడైనా అంచులే.

వారం రోజులు దండేనికే వదిలేశా. రెండో రోజుకే ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, నమ్మొద్దు. గోరు నొక్కితే ముద్ర పడుతుంది.

మామయ్య డబుల్ బ్యారెల్

గన్ ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టడం నా తప్పే. దూరపు చుట్టం ఒక మామయ్య ఫోన్ చేశారు. ఆయనకి లైసెన్సున్న 12 బోర్ ఉంది. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నాక బ్యారెల్ మీద తుప్పు కనిపించిందట. "దానికీ కొట్టేయరా, వెయ్యి ఇస్తా" అన్నారు.

కుదరదన్నా. అల్లుడి వరసైన వాణ్ణి అంత సూటిగా చెప్పేసరికి ఆయనకి కోపం వచ్చింది, సంక్రాంతికి పలకరింపు కూడా ముక్తసరే. కానీ అది నా పని కాదు. రిపేరు లైసెన్సున్న ఆర్మరర్ దగ్గరికే వెళ్ళాలి. నంబరు మీద రంగు పడి రెన్యూవల్‌లో చదవలేకపోతే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. పైగా అందులో పేలేది గాలి కాదు, మందు. నేను పొరపాటున ఏ సందులో రంగు వదిలినా దాని ఫలితం నా చేతి మీద కాదు, ఆయన చెంప పక్కన తెలుస్తుంది.

పోటీల్లో షూటింగ్ చేసేవాళ్ళు కూడా ఇంటి స్ప్రే జోలికి పోవద్దు. లండన్‌లో 2012లో గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచింది, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చింది చూసి ఈ మధ్య ఎయిర్ గన్ పట్టే పిల్లలు పెరిగారు. ఆ మ్యాచ్ గన్‌లు వేరే జాతి. బరువు, ట్రిగ్గర్ అన్నీ తనిఖీ చేస్తారు. వాటికి కావాల్సింది సన్నటి నూనె గుడ్డ.

ఇంకొకటి, గన్‌ని సినిమాల్లో మెషిన్ గన్‌లా కనిపించేలా రంగులేసి చేతిలో పట్టుకుని రోడ్డెక్కొద్దు. ఎదుటివాళ్ళకి అది ఎయిర్ గనో కాదో నుదుటి మీద రాసి ఉండదు.

నాలుగు నెలల తర్వాత

మొత్తం ఖర్చు, వాడని ఆ 2కే డబ్బా తీసేస్తే, తొమ్మిది వందల లోపే. ఈ నాలుగు నెలల్లో గన్ గోడ మీదకంటే మా చేతుల్లోనే ఎక్కువ ఉంది. బ్యారెల్ విరిచేటప్పుడు అరచెయ్యి పట్టే చోట నలుపు కొంచెం మెరుపు తేలింది. కీలు దగ్గర రంగు అరిగి ఇనుము గీతలా కనిపిస్తోంది. అక్కడ రెండు లోహాలు రాసుకుంటాయి కాబట్టి ఏ పూతా నిలవదు, ఒక చుక్క నూనె వేసి వదిలేస్తున్నా. మిగతా చోట ఎక్కడా పొట్టు లేవలేదు, తుప్పు మచ్చ లేదు. ట్యూబ్ మీద ఒక చోట ఆరెంజ్ పీల్ ఉంది, అంటే కమలా తొక్కలా గరుకు. మూడో కోటు దూరం నుంచి కొట్టిన ఫలితం. మళ్ళీ రుద్ది సరిచేయొచ్చు. బద్ధకం.

పాత ఇల్లు ఖాళీ చేసే ముందు ఆదివారం, కింద కార్ షెడ్డులో అడ్డంగా పాత పరుపు, దాని ముందు ఇనుప రేకు అమర్చిన చెక్కపెట్టె, పెట్టె నిండా పాతబట్టలు, వాటి ముందు బోర్న్‌విటా మూత. గేటు మూసి, అందరం కళ్ళద్దాలు పెట్టుకున్నాం. పది అంగలు తాతయ్యే కొలిచారు. ఇరవై ఆరేళ్ళొచ్చాయి గానీ నేను ఎప్పుడూ కొట్టలేదు. నాకు ఊహ తెలిసేసరికే గన్ అటకెక్కింది. పదిహేడో పెల్లెట్‌కి మూత మోగింది.

ఆయన ఏమీ అనకుండా లోపలికెళ్ళి సుత్తి, సెంటర్ పంచ్ తెచ్చారు. ట్రిగ్గర్ గార్డ్ పట్టీ విప్పి చెక్కదిమ్మ మీద పెట్టి, నాలుగు చుక్కల పక్కన, నేను వారం రోజులు ముట్టకుండా ఆరబెట్టిన మ్యాట్ బ్లాక్ మీద ఒక్క దెబ్బ వేశారు. పూత చుట్టూ చిట్లలేదు. మధ్యలో తెల్లటి ఇనుము మెరిసింది. అక్కడ తుప్పు పడుతుంది తాతయ్యా, కొంచెం క్లియర్ కొట్టనా అన్నా. వద్దన్నారు. వాసెలిన్ డబ్బా ఎక్కడ పెట్టావ్ అని అడిగారు.